రాఘవయ్య గడ్డిచేను

సగం జీవితం వరిచేలో గడ్డి పీకించినవాడు మిగతా సగం గడ్డి పెంచడానికి పెట్టుకున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అమీర్‌పేట నుంచి బల్కంపేట వెళ్లే దారిలో ఆయనుండే సందువాళ్లకీ వచ్చేది. కానీ రాఘవయ్య మొహం మీద నవ్వే ధైర్యం ఒక్క పెంటయ్యకే ఉండేది. పక్కింటివాడు, పైగా ఈడువాడు.

అవి అమీర్‌పేటలో గోడ కనిపిస్తే బోర్డు, మేడ కనిపిస్తే హాస్టలు లేస్తున్న రోజులు. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ తికమకపడి ఆగిపోతాయట, వాటిని బాగుచెయ్యడానికి మనవాళ్లే కావాలట అంటూ జిల్లాలకు జిల్లాలు వచ్చి కోచింగ్ సెంటర్ల ముందు వాలిపోయాయి. జానెడు జాగా ఖాళీగా కనిపిస్తే చాలు, బిల్డర్లు చెప్పులరిగేలా తిరిగేవాళ్లు. అలాంటి చోట రాఘవయ్య ఇంటిముందు నేలంతా వదిలేసి లాన్ వేశాడు. బుర్రున్నవాడెవడైనా చేసే పనేనా? అదే మాట ఒక బిల్డరు కాస్త మర్యాదగా అంటే, రాఘవయ్య అతనికి కాఫీ ఇప్పించి మరీ పంపేశాడు.

ఆయనది తణుకు దగ్గర పల్లె. అన్నదమ్ముల పంపకాల్లో పొలం ముక్కలై, ఆ ముక్కా అమ్ముకుని, హైదరాబాదు వచ్చి బియ్యం కొట్టు పెట్టి ఇరవయ్యేళ్లు దాటింది. కొట్టు బాగానే నడిచింది. కూతురు భావన పెళ్లి చేశాడు. అన్నీ ఉన్నాయిగానీ పొద్దున లేవగానే కంటికి చేను కనిపించకపోవడం ఒక్కటే ఆయనకు మింగుడుపడలేదు. అందుకే ఆ గడ్డి. ఆయన దాన్ని లాన్ అనేవాడు కాదు, చేను అనేవాడు.

చేను అన్నాక ఎరువు వెయ్యాలి కదా! ఎర్రగడ్డ నుంచి ఆటోలో యూరియా బస్తా వచ్చేది. లుంగీ ఎగ్గట్టి, పళ్లెంలో పోసుకుని, చెయ్యి ఊపుతూ చల్లేవాడు. ఆ వెంటనే మోటారు వేసి బావి నీళ్లతో నేల నానేలా తడిపేవాడు. వరికి చల్లిన చెయ్యి అది, గడ్డికి కొలత మార్చుకోలేదు.

"ఏం రాఘవన్నా," అని గోడ మీదనుంచి తల పెట్టేవాడు పెంటయ్య. "గడ్డికి గింత తిండి పెడ్తున్నవ్. ఒక బర్రెనన్న తెచ్చుకోరాదు? పాలన్న ఇస్తది."

"బర్రెలు తినే గడ్డి కాదయ్యా ఇది. చూడు, ఎలా నల్లబడిందో!"

రాఘవయ్య ఊళ్లో చేను ఏపుగా ఉంటే పచ్చగా ఉందనేవాళ్లు కాదు. పచ్చబడిందంటే ఆకు పసుపు తిరిగి ఆకలి మీద ఉన్నట్టు, నల్లబడిందంటే కడుపునిండా తిన్నట్టు. రైతుకు నలుపంత అందమైన రంగు లేదు. పెంటయ్యకూ ఆ సంగతి తెలుసు. ఒకప్పుడు ఆ నేలంతా వాళ్లదే. రాఘవయ్య గడ్డి నడుమ ఉన్న బావి పెంటయ్య తండ్రి తవ్వించింది. కుళాయి రానినాడు ఇప్పటికీ పెంటయ్య ఇంటివాళ్లు ఆ బావి నీళ్లే పట్టుకెళ్లేవాళ్లు. లోతు తక్కువ, నీళ్లు తియ్యగా ఉంటాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. వరికి ఎరువు ఎప్పుడు ఆపాలో రాఘవయ్యకు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చేను లోపల వెన్ను పోసుకుని పొట్టకొచ్చిందంటే ఆపెయ్యాలి, అంతే. కానీ లాన్ గడ్డి పొట్టకు రాదే! కోసేకొద్దీ చిగురేస్తుంది, చిగురేసేకొద్దీ పక్క మొలకలేసే పిలక దశలోనే ఉంటుంది. పిలక దశలో చేనుకు ఎరువు తగ్గించే రైతు ఉంటాడా? అలా ఆపే రోజు అనేదే రాకుండా రాఘవయ్య ఏళ్ల తరబడి చల్లుతూనే పోయాడు. తప్పు చేస్తున్నానని కల్లో కూడా అనుకోలేదు పాపం.

ఆ ఏడాది భావన పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఎర్రటి పిల్ల, గుప్పెడంత ఉంది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే అమ్మమ్మ సీతామహాలక్ష్మి పిల్ల చెవులు వెనక్కి మడిచి చూసి పెదవి విరిచింది.

"ఈ ఎరుపు నాలుగు రోజులేనే భావనా. చెవి తమ్మెలు చూడు. నల్లబడుతుంది. మీ ఆయన రంగే."

భావన మొగుడు దుర్గేష్ నలుపు. మంచి నలుపు. పంజాగుట్టలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెమ్మదైన మనిషి. పెళ్లిచూపులనాడు సీతామహాలక్ష్మి కాస్త నసిగింది కూడా. ఆ నసుగుడు భావన మరిచిపోలేదు. "నలుపైతే ఏంటమ్మా ఇప్పుడు?" అని కస్సుమంది.

"ఏం లేదులే తల్లీ, ఆడపిల్ల కదా అని," అంటూ సర్దుకుంది ఆవిడ.

భావనకు పాలు చాల్లేదు. డాక్టరు డబ్బా పాలు రాశాడు. ఇక నీళ్ల దగ్గర సీతామహాలక్ష్మి తీసుకున్న జాగ్రత్త అంతా ఇంతా కాదు. అంతకుముందు ఏడాది ఆ సందులో ఇద్దరికి కామెర్లు వచ్చాయి. అందుకని కుళాయి నీళ్లు పిల్ల ఛాయలకు రానివ్వలేదు. బావి నీళ్లే వడగట్టి, ఆ నీళ్లనే మరగకాచి, మరిగాక కూడా దించకుండా, గిన్నెలో నీళ్లు సగానికి దిగేదాకా పొయ్యి మీదే ఉంచేది. కషాయం కాచినట్టు కాచేది. పురుగూ పుట్రా ఒక్కటి బతకకూడదని ఆవిడ పట్టుదల. ఆ నీళ్లతో పాలు కలిపి పడుతుంటే రాఘవయ్య పక్కన కూర్చుని, ప్రతి గుటకకూ తానే మింగుతున్నట్టు గొంతు కదిలించేవాడు.

అల్లుణ్ణి కంపెనీ వాళ్లు నెలరోజుల పని మీద పూనా పంపారు. బారసాల మూడో నెలలో పెట్టుకున్నారు. వియ్యంకుల వైపువాళ్లంతా వస్తారు. లాన్ మీద షామియానా. రాఘవయ్య ఆనందం పట్టలేక చేనుకు మరో రెండు విడతలు వేశాడు, నీళ్లు వరదలా పెట్టాడు. గడ్డి నల్లగా నిగనిగలాడింది.

పిల్లా నల్లబడుతూ వచ్చింది.

మొదట పెదవుల చుట్టూ కాస్త మసకగా కనిపించింది. తరవాత చెవులు, గోళ్లు. "నేను చెప్పలా?" అంది సీతామహాలక్ష్మి. సున్నిపిండిలో మీగడ కలిపి ఒళ్లంతా రుద్దింది. ఫోన్లో వియ్యపురాలు, "మావాడి నలుపు కూడా మూడో నెలకే తేలిందండీ, కంగారుపడకండి," అంది నవ్వుతూ. ఇటు అమ్మమ్మ, అటు నాయనమ్మ, పిల్ల రంగు మీద తలో మాట విసురుకుని ముచ్చటపడ్డారు. మధ్యలో రాఘవయ్య ఒకటి అన్నాడు: "మనింట్లో నల్లబడిందంటే బలంగా ఉన్నట్టేనే!" ఆ మాటకు భావన కూడా నవ్వింది.

పిల్ల ఎక్కువ ఏడవడం లేదు. నిద్రపోతూనే ఉంటోంది. పాలు సగంలోనే వదిలేస్తోంది. "బుద్ధిమంతురాలు, అమ్మను సతాయించదు," అని చూడ్డానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకుని వెళ్లారు.

బారసాల ఇంక రెండు మూడు రోజుల్లోకి వచ్చిందనగా దుర్గేష్ పూనా నుంచి దిగాడు. మధ్యాహ్నం వేళ. సంచి గుమ్మంలోనే పెట్టి, కాళ్లు కడుక్కుని, పిల్లను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు కదలలేదు.

"ఏంటిలా ఉంది?"

"మీ రంగేనండీ," అంది భావన, కాస్త గర్వంగానే.

"ముందునుంచీ అనుకున్నదేగా అల్లుడుగారూ," అంటూ సీతామహాలక్ష్మి మంచినీళ్ల గ్లాసు పట్టుకొచ్చింది. "నలుగు పెడుతున్నాను, తేరుకుంటుందిలెండి."

దుర్గేష్ గ్లాసు అందుకోలేదు. పిల్ల గుప్పిట విప్పి, తన అరచెయ్యి పక్కన పెట్టి చూశాడు. తరవాత రాఘవయ్య వైపు తిరిగాడు.

"మామయ్యగారూ, నేను నలుపే. పుట్టినప్పట్నుంచీ అద్దంలో చూసుకుంటున్నాను. ఎంత నల్లటివాడికైనా అరచెయ్యి ఎర్రగానే ఉంటుందండీ. నాలుక ఎర్రగానే ఉంటుంది. దీని చెయ్యి చూడండి."

రాఘవయ్య చూశాడు. బూడిద రాసినట్టుంది ఆ చెయ్యి. అల్లుడు వేలితో పిల్ల కింది పెదవి దించాడు. లోపల చిగుళ్లు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని గుటకలు లెక్కపెట్టిన మనిషికి ఈ చెయ్యి ఎందుకు కనపడలేదు?

గోల విని వచ్చిన పెంటయ్య ఆటో కోసం రోడ్డు మీదకు పరిగెత్తాడు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. పిల్ల ఊపిరి ఎగబీలుస్తోంది. రాఘవయ్య ఆటో దిగి, ఆ వయసులో, బస్సుల మధ్య చేతులు అడ్డంపెట్టి, "తల్లీ, నాయనా, జరగండి, పసిపిల్ల!" అని అరుస్తూ దారి చేశాడు. తిట్టినవాళ్లు తిట్టారు, జరిగినవాళ్లు జరిగారు.

పిల్లల ఆస్పత్రిలో లేడీ డాక్టరు గుండె విని, ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది. రంగు మారలేదు. గుండెలో లోపమేమోనని పరీక్షలకు రాస్తూనే సూదితో నెత్తురు తీసింది. తీసి, సిరంజి వంకే చూస్తూ ఉండిపోయింది. నెత్తురు ఎర్రగా లేదు. బెల్లప్పాకంలా ఉంది. దాన్ని గాలికి అటూ ఇటూ ఆడించింది, అయినా ఎరుపు రాలేదు.

"పాపకు ఏ పాలు పడుతున్నారు? ఏ నీళ్లు?" అని అడిగింది.

"డబ్బా పాలేనండీ. మా బావి నీళ్లు," అంది సీతామహాలక్ష్మి. "పచ్చినీళ్లు కాదమ్మా, నా బిడ్డ తోడు. సగానికి దిగేదాకా మరిగించి పడుతున్నాను."

డాక్టరు మొహంలో కోపం లేదు, జాలే ఉంది. "ఇది పురుగుల జబ్బు కాదమ్మా. నీళ్లలో నైట్రేటు అని ఒక లవణం ఉంటుంది. పెద్దవాళ్లం తాగినా మనకేమీ అనిపించదు. ఇంత చిన్నపిల్లలకు మాత్రం నెత్తురు ఊపిరి మొయ్యకుండా చేస్తుంది. మరిగిస్తే పోదు. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పు తగ్గుతుందా, ముదురుతుందా?"

సీతామహాలక్ష్మి గోడకు జారబడి నేలమీద కూర్చుండిపోయింది.

ఒక మందు ఉందట, నీలంగా సిరాలా ఉంటుందట. నరానికి ఎక్కించారు. నీలంగా మారిన పిల్లకు నీలం మందేమిటో రాఘవయ్యకు అర్థం కాలేదు, అడిగే ఓపికా లేదు. అద్దం తలుపు ఇవతల నిలబడి, బల్కంపేట ఎల్లమ్మకు, తణుకులో తన ఇలవేల్పుకు, ఇంకా పేరు గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాడు. గంట గడిచిందో లేదో నర్సు బయటకొచ్చి, "ఏడుస్తోంది, వినిపిస్తోందా?" అంది నవ్వుతూ. గట్టిగా, కోపంగా, ఆకలిగా ఏడుస్తోంది. బుద్ధిమంతురాలు కాదు ఇక. రాఘవయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

సాయంత్రం డాక్టరు మళ్లీ వచ్చింది. నీళ్లు పరీక్షకు పంపమంది. "ఈ జబ్బు పల్లెల్లో, పొలాల మధ్య బావులున్న చోట వస్తుంది. చల్లిన ఎరువులో పైరు తిన్నది తినగా మిగిలింది వానకో తడికో నేలలోకి దిగి బావిలో చేరుతుంది. మీ ఇంటి చుట్టుపక్కల పొలాలున్నాయా?"

"అమీర్‌పేటలో పొలాలెక్కడివి డాక్టర్!" అన్నాడు దుర్గేష్.

"అయితే డ్రైనేజీ పగిలి ఉంటుంది. అదీ ఒక కారణమే. చూపించుకోండి," అని ఆవిడ వెళ్లిపోయింది.

రాఘవయ్యకు తన యూరియా పళ్లెం గుర్తొచ్చింది. ఎవరూ తన వైపు చూడలేదు. డ్రైనేజీ అట! ఎంత సుళువైన మాట. పగిలిన గొట్టానికి మొహం ఉండదు, సిగ్గుండదు. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. పిల్ల బతికింది కదా, ఇక ఎవరి వల్లయితేనేం? అలా అనుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ మేకుల మీద కూర్చున్నట్టే ఉంది.

అంతలో వియ్యపురాలు ఎర్రగడ్డ నుంచి ఆదరాబాదరా వచ్చింది. పిల్లను చూసి, కోడల్ని పట్టుకుని ఏడ్చి, ఆ ఏడుపు అయ్యాక సంగతంతా విని, సీతామహాలక్ష్మి మీద విరుచుకుపడింది.

"పిల్లకు ఏ నీళ్లు పట్టాలో తెలియదా వదినగారూ? సగానికి మరిగించడం ఏంటండీ, అది పాలా, పాయసమా? నలుపు నలుపు అని సున్నిపిండి రుద్దుకుంటూ కూర్చున్నారు! మావాడు రాకపోతే ఏమయ్యేది?"

సీతామహాలక్ష్మి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేలమీదనుంచి లేవనూ లేదు. "నాదే తప్పు వదినగారూ. నా చేతులు విరిగిపోనూ. నేనే మరిగించాను, నేనే పట్టాను," అని తన చేతులు తనే కొట్టుకుంది.

ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి. తగాదాకు వస్తే రాఘవయ్యనే నోరెత్తనిచ్చేది కాదు. అలాంటిది పెంపుడు పిల్లిలా ముడుచుకుని తిట్లు పడుతోంది. రాఘవయ్య ఇంక కూర్చోలేకపోయాడు.

"చెల్లెమ్మగారూ, ఆవిణ్ణి ఏమీ అనకండి," అని లేచాడు. "అల్లుడుగారూ, డాక్టరమ్మ అడిగిందే, పొలం ఉందా అని. ఉంది. అమీర్‌పేటలో ఒక్కటే పొలం ఉంది. అది నాది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఆ గడ్డి. వరిచేనుకు వేసినట్టు ఏళ్ల తరబడి యూరియా వేశాను దానికి. బారసాలకు నిగనిగలాడాలని మొన్న కూడా వేశాను. దాని నడుమనే బావి. నేను చల్లిందే మీ అత్తయ్యగారు కాచింది. డ్రైనేజీ లేదు, గీనేజీ లేదు. నా మనవరాలి నోట్లో ఎరువు పోసింది నేను."

చెప్పేశాక ఆయనకు ఊపిరాడింది. కానీ ఎదురుగా భావన మొహం చూశాక, చెప్పకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. కూతురు తిట్టలేదు. తిడితే సగం బాధ తీరేది. "బలంగా ఉన్నట్టేనే అని మీరంటే నవ్వాను నాన్నా నేను," అని మాత్రం అని, పిల్ల ఉన్న గదిలోకి పోయి తలుపు వేసుకుంది. దుర్గేష్ కిటికీ వైపు తిరిగి, "తెలిసి చేస్తారా మామయ్యగారూ," అన్నాడు. ఆ మాటలో క్షమించడం ఉందో, అడగడం ఉందో రాఘవయ్యకు తేలలేదు.

సీతామహాలక్ష్మి మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని లేచి వచ్చి, ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "ఇద్దరం కలిసే చేశామండీ," అంది మెల్లగా.

ఇంటికి రాగానే రాఘవయ్య పక్కింటికి వెళ్లాడు. పెంటయ్య కోడలు అనుపమకు ఏడోనెల. ఆ సంగతి ఆస్పత్రి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చి, చెప్పులైనా విప్పకుండా వచ్చేశాడు.

"పెంటయ్యా, ఆ బావి నీళ్లు మీరు తాగకండి. రేపు పిల్ల పుట్టాక అసలే వద్దు. నా ఎరువంతా అందులోనే ఉంది."

పెంటయ్య పరాచికం అనుకుని నవ్వబోయి ఆగాడు. తరవాత మొహం కందగడ్డలా అయింది. "ఏమన్నవ్? మా నాయిన తవ్విన బాయి గది! కరువుల సుత ఎండలే. ఊరంత తాగింది గా నీళ్లు. గంత మంచి బాయిని ఖరాబు జేసినవా రాఘవన్నా? గడ్డి కోసమా?"

రాఘవయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పెంటయ్య ఇంకా నాలుగు మాటలు అన్నాడు. అన్నీ అని, తనూ అరుగు మీద కూలబడి, "నేను సుత సొరపాదుకు నీ బస్తాల కెల్లే దోసెడు దోసెడు తెచ్చుకుంటి గదనే," అన్నాడు. "పాప మంచిగున్నదా? అది జెప్పు ముందుగాల."

బారసాల ఎర్రగడ్డలో వియ్యంకుల ఇంట్లో చేశారు. హైందవి అని పేరు పెట్టారు. భావన మళ్లీ పుట్టింటికి వచ్చిందిగానీ, చంకలో పిల్లతో పాటు చేతిలో ఒక నీళ్ల క్యాన్ తెచ్చుకుంది. తరవాత వచ్చినప్పుడూ తెచ్చింది. పిల్ల పాకింది, నడిచింది, అన్నం తినడం నేర్చింది, ఇక ఆ నీళ్లు ఏమీ చెయ్యవని డాక్టరే చెప్పింది. అయినా క్యాన్ మానలేదు. కూతురు పుట్టింటికి నీళ్లు మోసుకుని రావడం! పండక్కి చీర పెట్టినా, చేతిలో పసుపు కుంకుమ పెట్టినా, ఆ క్యాన్ గుమ్మం పక్కన కనపడుతుంటే సీతామహాలక్ష్మికి అన్నం సహించేది కాదు.

బావి నీళ్ల పరీక్షలో ఉండాల్సినదానికి ఐదారు రెట్లు నైట్రేటు తేలింది. పరీక్ష చేసిన కుర్రాడు, "ఇది బావితో ఆగదండీ. వాన పడితే నాలాలోకి పోతుంది, అక్కణ్ణుంచి హుస్సేన్‌సాగర్లోకి. అక్కడ నాచుకీ గుర్రపుడెక్కకీ మీరే మేత వేస్తున్నట్టు," అన్నాడు. మిగిలిన యూరియా బస్తా రాఘవయ్య ఆరోజే వదిలించుకున్నాడు. గడ్డి పీకిపారేద్దామని పలుగు పట్టుకుంటే ఆ కుర్రాడే వద్దన్నాడు. నేలలో పేరుకున్న నత్రజనిని లాగేది ఇప్పుడు ఆ గడ్డేనట. కొత్తది వెయ్యకుండా, బావి నీళ్లే పెట్టి, కోసిన గడ్డి అక్కడ వదలకుండా పశువులున్న చోటికి పంపెయ్యాలట. వాననీళ్లు దిగడానికి ఇంకుడుగుంత తవ్వించాలట. "గడ్డి పచ్చబడడం మొదలెట్టిందంటే నీళ్లు తేరుకుంటున్నట్టు లెక్కండీ," అన్నాడు.

ఎరువు ఆపితే పదిహేను రోజుల్లో పచ్చబడుతుందని రాఘవయ్య అనుకున్నాడు. పచ్చబడితేగా! నెల గడిచింది, వానాకాలం గడిచింది. గడ్డి నల్లగా, కొవ్వెక్కి, నిగనిగలాడుతూనే ఉంది. పెట్టే నీళ్లలోనే ఎరువుంటే దానికింక లోటేమిటి? ఎరువు వెయ్యకుండానే చేను ఇలా ఉందంటే వెనకటి రోజుల్లో ఊరంతా పిలిచి చూపించేవాడు. ఇప్పుడు పొద్దున్నే లేచి దాన్ని చూస్తే ఒళ్లు మండేది. "ఇంకా ఎంత తిన్నావే? చాల్లేదటే నీకు?" అని గడ్డిని తిట్టుకుంటూ కోసేవాడు. కోసిన మోపులు పెంటయ్య ఎవరి పాడిబర్రెలకో తోలించేవాడు.

రెండో వానాకాలం వెళ్లాక ఒక ఉదయం, నీళ్ల గొట్టం పట్టుకున్న రాఘవయ్య వంగి చూసి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసి, గావుకేక పెట్టాడు. "ఏమేవ్! ఇటు రా! పచ్చబడిందే!"

సీతామహాలక్ష్మి చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. గోడవారన గడ్డి పాలిపోయి, పసుపు తిరిగి, ఆకలితో చూస్తోంది. ఇద్దరూ వంగి ఆ గడ్డిని వేళ్లతో నిమిరారు. సందులో పోయే కోచింగ్ కుర్రాళ్లు, చచ్చిపోతున్న లాన్‌ను చూసి ముసలాళ్లు ఇంత సంబరపడుతున్నారేమిటా అని ఆగి చూశారు.

నీళ్లు మళ్లీ పరీక్షకు పంపారు. బాగున్నాయన్నారు. రాఘవయ్య ఆ మాట కూతురికి ఫోన్లో చెప్పాడుగానీ, క్యాన్ గురించి ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు? భావన కూడా, "ఊఁ, మంచిది నాన్నా," అని ఊరుకుంది.

ఆ ఆదివారం భావన వచ్చింది. హైందవి ఆటో దిగుతూనే పరిగెత్తుకుంటూ వచ్చి, వగరుస్తూ, "తాతా, నీళ్లు!" అంది.

రాఘవయ్య అలవాటుగా గుమ్మం పక్కకు చూశాడు. లేదు. ఆటోలోకి తొంగిచూశాడు. అక్కడా లేదు.

"క్యాన్ మరిచిపోయావేమోనమ్మా," అన్నాడు కంగారుగా. "ఆటో వెళ్లిపోతుంది, చూడు."

భావన చెప్పులు విప్పుకుంటూ తలెత్తలేదు. "మర్చిపోలేదు నాన్నా. తేలేదు."

ఆయన గ్లాసు తీసుకుని బావి దగ్గరకు నడిచాడు. మోటారు గొట్టానికున్న పంపు తిప్పబోయాడు. ఎంత తిప్పినా పట్టు చిక్కలేదు. ఇక ఆపుకోలేక, పంపు పట్టుకునే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనకనుంచి భావన వచ్చి, గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని, పంపు తిప్పి, నిండుగా పట్టింది.